ఫోన్ పేచీ, నక్షత్రాల చార్టు: మూడో గడిలో ఏముందో చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఆరేళ్ల బాబు. ఫోన్ కోసం రోజూ పేచీ. మొదట వద్దంటారు, వాడు అరుపులు మొదలుపెట్టాక కాసేపు ఓర్చుకుంటారు, చివరికి ఇచ్చేస్తారు. ఇంకోపక్క పళ్లు తోముకోవడానికి, బ్యాగు సర్దుకోవడానికి గోడ మీద నక్షత్రాల చార్టు పెట్టారు. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఇప్పుడు ఏ పని చెప్పినా "చేస్తే ఏమిస్తావ్?" అంటున్నాడు. సైకాలజీ పుస్తకాలు చదివి అన్నీ పాటిస్తే ఇలా అయిందేమిటి, అసలు ఈ సూత్రాలు ఇళ్లలో పనిచేస్తాయా, చేస్తే పెద్దవాళ్ల మీద కూడా వాడొచ్చా అని అడిగారు.

పనిచేస్తాయండీ. మీ ఇంట్లో ఇప్పటికే పనిచేస్తున్నాయి, చిక్కంతా అక్కడే ఉంది. గట్టిగా, ఎక్కువసేపు అరిస్తే ఫోన్ వస్తుందని వాడు చక్కగా నేర్చుకున్నాడు. నక్షత్రం లేనిదే పని చేయనక్కర్లేదని కూడా నేర్చుకున్నాడు. రెండూ నేర్పింది మీరే, తెలియకుండా. కాబట్టి వాడికి కొత్తగా ఏదో నేర్పే ముందు, వాడు చేసిన పనికి వెనువెంటనే ఏం జరుగుతోందో చూడండి. మార్చాల్సింది దాన్నే. అంటే ముందుగా మారాల్సింది మీరు. ఈ మాట చెప్పగానే నా ముందు కూర్చున్నవాళ్ల మొహం వాడిపోవడం ఇరవై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను. నిందించడానికి అనడం లేదు. పిల్లాడి బుర్రలోకి మన చెయ్యి వెళ్లదు, మన చేతలు మాత్రం మన చేతిలో ఉంటాయి, అందుకని.

నా దగ్గరికి వచ్చే ఎవరికైనా మొదటి వారం సలహా ఏమీ ఇవ్వను. ఒక కాగితం ఇస్తాను. దాని మీద మూడు నిలువు గడులు: ముందు ఏం జరిగింది, పిల్లలు ఏం చేశారు, ఆ తర్వాత ఏం జరిగింది. అంతే. కారణాలు రాయకూడదు, "మొండితనం", "పొగరు" లాంటి మాటలు రాయకూడదు. వీడియో తీస్తే ఏం కనిపిస్తుందో అదే రాయాలి.

ఒకాయన రాసుకొచ్చిన కాగితం నాకింకా గుర్తుంది (వివరాలు మార్చి చెబుతున్నాను). మొదటి గడిలో "ఆఫీసు కాల్‌లో ఉన్నాను". రెండో గడిలో "పాప వచ్చి చొక్కా లాగింది, తర్వాత బల్ల కొట్టింది, తర్వాత కేక పెట్టింది". మూడో గడిలో "ట్యాబ్ ఇచ్చాను". దాని కింద మరో వరుస: "కాల్‌లో ఉన్నాను – పాప ఒక్కతే బొమ్మలు వేసుకుంది – " అని రాసి మూడో గడి ఖాళీగా వదిలేశారు. ఇదేంటండీ, ఇక్కడ ఏమీ రాయలేదు అన్నాను. "ఏమీ జరగలేదు కదండీ, రాయడానికేముంది?" అన్నారు. అని, రెండు క్షణాలు ఆ కాగితం వైపే చూసి, పెన్ను కింద పెట్టేశారు. ఇక నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. పాప బుద్ధిగా ఉన్న అరగంటకి ఇంట్లో జవాబు లేదు, కేకకి మాత్రం క్షణాల్లో జవాబుంది.

ఈ సంగతిని 1898లోనే సైకాలజిస్టు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పెట్టెల్లో బంధించిన పిల్లుల మీద చూశాడు. ఏ పని వెనక హాయి కలుగుతుందో ఆ పని మళ్లీ మళ్లీ జరుగుతుంది. తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్ దాన్ని పూర్తి శాస్త్రంగా పెంచాడు. మన పాఠ్యపుస్తకాలు "పునర్బలనం" అంటాయి. మాట బరువుగా ఉంది గానీ విషయం తేలికే: తర్వాత జరిగేది ముందు చేసినదాన్ని బలపరుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష అనుకుంటారు, కాదు. ఒక బాధ తొలగిపోవడం వల్ల మన పని బలపడటం అది. మీ ఇంటి కథలో అది ఎవరికి జరుగుతోందో చూడండి. బాబు అరుస్తున్నాడు, మీకు తల పగిలిపోతోంది, ఫోన్ ఇచ్చారు, నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం మీకు దొరికిన బహుమతి. రేపు ఇంకాస్త త్వరగా ఇస్తారు. వాడు అరవడం నేర్చుకుంటున్నట్టే మీరు ఇచ్చేయడం నేర్చుకుంటున్నారు. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే పరిశోధకుడు ఇళ్లలో కూర్చుని కుటుంబాలని గమనించి ఈ ఉచ్చును వర్ణించాడు. ఇద్దరూ ఒకరినొకరు తర్ఫీదు చేసుకుంటుంటారు, ఇద్దరికీ తెలియదు. ఒక్కోసారి ఉచ్చు రెండోవైపు తిరుగుతుంది. మీరు ఇంటి కప్పు ఎగిరేలా అరుస్తారు, వాడు భయపడి ఊరుకుంటాడు. అప్పుడు మీ అరుపుకి బహుమతి దొరికినట్టు. మరుసటి వారం నుంచి మామూలు గొంతుతో చెప్పడం తగ్గిపోతుంది.

సరే, "మేము రోజూ ఇవ్వం కదా, నాలుగుసార్లకి ఒకసారే ఇస్తాం" అంటారేమో. అది ఇంకా గట్టి ముడి.

స్కిన్నర్ ఈ విషయంలో పడింది అనుకోకుండానే. ఎలుకలకి ఇచ్చే గింజల్లాంటి ఉండల్ని ప్రయోగశాలలో చేత్తో తయారుచేసుకోవాల్సి వచ్చేది, బోలెడు పని. ఒక శనివారం మధ్యాహ్నం లెక్క చూసుకుంటే సోమవారానికి ఉండలు అయిపోయేలా ఉన్నాయట. మీట నొక్కిన ప్రతిసారీ ఎందుకివ్వాలి, నిమిషానికొకటి ఇస్తే సరిపోదా అనుకున్నాడు. పొదుపు కోసం మొదలైన ఆ ఆలోచన ఒక పెద్ద శాఖే అయింది. 1957లో చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి దాని మీద లావుపాటి గ్రంథం వేశాడు. అందులో మనకి కావలసింది ఒక్కటే: ప్రతిసారీ దొరికేదానికంటే అప్పుడప్పుడూ దొరికేదాని కోసం చేసే ప్రయత్నం ఆపడం చాలా కష్టం. రోజూ ఇచ్చే ఇంట్లో ఒకరోజు ఆపేస్తే పిల్లలకి తేడా వెంటనే తెలుస్తుంది. ఎప్పుడిస్తారో తెలియని ఇంట్లో తెలియదు. ఈసారి ఇంకో పది నిమిషాలు ఏడిస్తే రావచ్చుగా? జూదగాడు యంత్రం ముందు నుంచి లేవకపోవడానికి కారణం ఇదే. మీరు ఇరవై నిమిషాలు బిగించుకు కూర్చుని ఇరవై ఒకటో నిమిషంలో "సరే, ఒక్క ఐదు నిమిషాలే" అన్నారనుకోండి, ఓపికగా ఉన్నానని మీరనుకుంటారు. వాడికి అందిన పాఠం మాత్రం ఇరవై ఒక్క నిమిషాలు ఏడవాలని.

అందుకే నేను చెప్పేది వింతగా అనిపించవచ్చు. ఇవ్వదలుచుకుంటే అరవకముందే ఇచ్చేయండి. అరుపు మొదలయ్యాక మాత్రం ఇవ్వకండి. ఫోన్ ఇవ్వడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ, అది మీ ఇంటి నిర్ణయం. ఇచ్చే సమయాన్ని అరుపు నుంచి విడదీయడం ఇక్కడ ముఖ్యం. ఫలానా పని అయ్యాక, ఇంతసేపు, ఇచ్చేది ఫలానావాళ్లు అని ముందే చెప్పి, వాడు అడగకముందే మీరే చేతికి అందించండి. మొదటి రెండు రోజులు వాడు అనుమానంగా చూస్తాడు. చూడనివ్వండి.

ఇక అరిచినప్పుడు ఇవ్వడం ఆపేశాక ఏమవుతుంది? ఇక్కడే పదిళ్లలో ఎనిమిదిళ్లు వెనక్కి తగ్గుతాయని నా అంచనా. అరుపు తగ్గదు, ముందు పెరుగుతుంది. మామూలుగా పనిచేసే లిఫ్ట్ బటన్ ఒకరోజు పనిచేయకపోతే ఏం చేస్తాం? ఒక్కసారి నొక్కి ఊరుకుంటామా? టకటకా పదిసార్లు నొక్కుతాం, బొటనవేలితో అదిమి పడతాం, చివరికి ఒక దెబ్బ వేస్తాం. అప్పుడు గానీ మెట్లెక్కం. పిల్లలూ అంతే. ఆ పది నొక్కుళ్ల దశలో మీరు లొంగితే, కొత్త రికార్డు అరుపుకి బహుమతి ఇచ్చినట్టే. మొదలుపెట్టకపోయినా బాగుండేది.

1959లో కార్ల్ విలియమ్స్ ప్రచురించిన చిన్న నివేదిక ఒకటుంది, రెండు పేజీల లోపే. దాదాపు ఇరవై ఒక్క నెలల బాబు. మొదటి పద్దెనిమిది నెలలూ జబ్బుగా ఉండటంతో సహజంగానే అందరూ కనిపెట్టుకుని ఉన్నారు. జబ్బు తగ్గింది గానీ అలవాటు మిగిలింది. నిద్రపోయేదాకా ఎవరో ఒకరు గదిలో ఉండాల్సిందే, అరగంట నుంచి రెండు గంటల దాకా. ఆరోగ్యంగా ఉన్నాడని నిర్ధారణ అయ్యాక, ముద్దుగా పడుకోబెట్టి తలుపు వేసి వచ్చేయమన్నారు. మొదటిరోజు 45 నిమిషాలు ఏడ్చాడు. పదోసారికి ఏడుపు లేదు, వాళ్లు వెళ్తుంటే నవ్వాడు కూడా.

కథ అక్కడ ఆగిపోతే నేను చెప్పేదాన్ని కాదు. వారం తర్వాత పడుకోబెట్టే వంతు పిన్నికో అత్తకో వచ్చింది. బాబు కాస్త గునిశాడు. ఆవిడ మనసాగక వెనక్కి వచ్చి నిద్రపోయేదాకా పక్కనే ఉంది. అంతే, పేచీ మళ్లీ మొదటికొచ్చింది, అంతా మొదటినుంచి చేయాల్సి వచ్చింది. రెండోసారి మాత్రం ఎవరూ తడబడలేదు, ఆ తర్వాత రెండేళ్ల దాకా సమస్య రాలేదని నివేదిక చెబుతోంది. మీ ఇంట్లో ఆ అత్త ఎవరు? ఉంటారు. తాతగారు కావచ్చు, ఆలస్యంగా ఇంటికొచ్చి తగాదా చూడలేక ఫోన్ చేతిలో పెట్టే భర్త కావచ్చు, ఆదివారం నాటి మీరే కావచ్చు. ఆవిడ చెడ్డది కాదు, ఆవిడకెవరూ ముందు చెప్పలేదంతే. మొదలుపెట్టే ముందు ఇంట్లో అందరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. ఎవరికైనా ఒప్పుదల లేకపోతే మొదలుపెట్టకండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పనిలో చేరిన కొత్తల్లో నాలుగేళ్ల పాప, పడుకోబెట్టగానే ఏడుపు. కాగితం చూశాను, లెక్క సరిపోయింది, "పట్టించుకోకండి, పది రోజుల్లో ఆగిపోతుంది" అన్నాను ఎంతో ధీమాగా. ఆగలేదు. వాళ్లమ్మకే అనుమానం వచ్చి డాక్టరుకి చూపిస్తే చెవిలో ఇన్‌ఫెక్షన్. పడుకుంటే నొప్పి పెరుగుతుంది, అందుకే పక్క ఎక్కగానే ఏడ్చేది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే కాస్త తేలికపడేదాన్నేమో అనిపిస్తుంది ఇప్పటికీ. అందుకని నొప్పి, భయం, ఆకలి, నిద్ర లేమి ఏవీ లేవని తేలేదాకా పట్టించుకోకపోవడం అనే మందు వాడకండి. వాడినా, పట్టించుకోవద్దన్నది అరుపుని, పిల్లాడిని కాదు. పక్కనే కూర్చోవచ్చు, వీపు నిమరొచ్చు, "ఫోన్ ఇవ్వలేదని కోపంగా ఉంది కదూ" అనొచ్చు. ఫోన్ మాత్రం రాదు. కోపానికి పేరు పెట్టి చెప్పడం లొంగిపోవడం కాదు. చాలామంది నాన్నలు ఇక్కడ తికమకపడతారు, ఓదారిస్తే అలుసైపోతామని.

మాట నిలబెట్టుకోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "తర్వాత ఇస్తాను" అన్న మాట మీ ఉత్తరంలో మూడుసార్లు వచ్చింది.

మార్ష్‌మెల్లో ప్రయోగం మీరు వినే ఉంటారు. ఇప్పుడు ఒకటి తింటావా, ఆగితే రెండు ఇస్తాను, అది. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక మెరుగ్గా ఉన్నారని ఏళ్ల తరబడి ప్రచారం జరిగింది. 2018లో దాదాపు తొమ్మిది వందల మంది పిల్లల సమాచారంతో మళ్లీ చూస్తే ఆ సంబంధం సగానికి తగ్గింది, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా పల్చబడింది. నాకు నచ్చే ప్రయోగం మాత్రం 2013లో సెలెస్ట్ కిడ్ బృందం చేసింది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 28 మంది. మిఠాయి పరీక్షకి ముందే వాళ్లకి ఒక పెద్దమనిషి బొమ్మలు వేసుకోవడానికి మంచి రంగులు తెస్తానని చెప్పాడు. సగం మందికి తెచ్చాడు. మిగతా సగానికి ఖాళీ చేతులతో వచ్చి "లేవు, సారీ" అన్నాడు. స్టిక్కర్ల విషయంలోనూ అలాగే. ఆ తర్వాత మిఠాయి పెట్టి ఆగమన్నారు. మాట నిలబెట్టుకున్నవాణ్ని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాల 2 సెకన్లు ఆగారు. మాట తప్పినవాణ్ని చూసినవాళ్లు 3 నిమిషాల 2 సెకన్లు.

రెండో గుంపు పిల్లలకి నిగ్రహం లేదంటారా? వాళ్లు లెక్క సరిగ్గానే వేశారు. ఈయన చెప్పింది ఈయన చేయడు, చేతికందింది తినేయడమే తెలివి. కాబట్టి "తర్వాత" అనే మాట మీ నోట్లోంచి వస్తే ఆ తర్వాత రావాలి. రాదని తెలిసినప్పుడు "ఈ రోజు లేదు" అనేయండి. గట్టిగా ఒకసారి ఏడుస్తాడు, కానీ మీ మాట విలువ చెడదు.

ఇదే లెక్క "పదిసార్లు చెప్తే గానీ వినడు" అనే ఫిర్యాదుకీ సరిపోతుంది. మూడో గడి చూడండి. మొదటి తొమ్మిదిసార్లు చెప్పాక ఏం జరిగింది? ఏమీ లేదు. మీరు వంటింట్లోంచో, ఫోన్ చూస్తూనో చెప్పారు, చెప్పి మీ పనిలో పడ్డారు. పదోసారి లేచి వెళ్లారు. తొమ్మిది వరకూ లెక్కలోకి రావని వాడికి నేర్పింది మీ లేవకపోవడమే. ఒక్కసారే చెప్పండి, దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, చిన్న గొంతుతో. వెంటనే లేచి అక్కడే నిలబడండి. మొదట్లో కాళ్లు నొప్పి పుడతాయి, నిజమే.

ఇక చార్టు సంగతి.

1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్‌బెట్ చేసిన ప్రయోగం చూడండి. బొమ్మలు వేయడమంటే మామూలుగానే ఇష్టపడే చిన్నపిల్లల్ని ఎంచుకున్నారు. ఒక గుంపుకి బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. ఇంకో గుంపుకి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో గుంపుకి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత స్వేచ్ఛగా వదిలేస్తే, ముందే బేరం కుదిరిన పిల్లలు మిగతావాళ్లు గడిపిన సమయంలో దాదాపు సగమే బొమ్మల దగ్గర గడిపారు. ఆశించకుండా అందుకున్నవాళ్లకి ఏ నష్టమూ జరగలేదు. బహుమతిలో విషం లేదు, ముందస్తు బేరంలో ఉంది. ఇష్టంగా చేసే పని కాస్తా కూలి పనైపోయింది.

నా దగ్గరికి వచ్చిన ఒక తొమ్మిదేళ్ల అమ్మాయి కథలు తెగ చదివేది. ఇంకా చదవాలని వాళ్లమ్మానాన్నలు పుస్తకానికి ఇన్ని పాయింట్లని పెట్టారు. రెండు నెలల్లో లెక్క పెరిగింది. "చూశారా, ఎన్ని చదివిందో" అని జాబితా చూపించారు. అమ్మాయిని విడిగా అడిగితే గుట్టు విప్పింది: "సన్నటివి తీసుకుంటాను. లావువి కూడా ఒకటే పాయింటుగా." ఆరో తరగతి స్థాయి పుస్తకాలు చదవగల పిల్ల రెండో తరగతి పుస్తకాలు చదువుతోంది, లెక్కల్లో మాత్రం దిట్ట అయింది.

అలాగని చార్టులు చింపేయమనను. ఇష్టం ఇసుమంతైనా లేని పనులు కొన్నుంటాయి, పళ్లు తోమడం లాంటివి. అక్కడ చెడగొట్టడానికి ఇష్టమే లేదు కాబట్టి నక్షత్రం ఎక్కించుకెళ్లే బండిలా పనికొస్తుంది. కానీ దిగే చోటు ముందే అనుకోవాలి. మీ చార్టు మూడు వారాలకే కూలబడటంలో ఆశ్చర్యం లేదు, 21 రోజుల్లో అలవాటు అయిపోతుందన్నది ఊరికే ప్రచారంలో ఉన్న మాట. 2010లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది పెద్దవాళ్లని పరిశీలిస్తే ఒక పని అప్రయత్నంగా జరిగే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. పెద్దవాళ్లకే అంత పడితే ఆరేళ్లవాడిని మూడు వారాలకే తప్పుపట్టలేం.

మీ చార్టుకి నేను చేసే మార్పులు: బ్యాగు సర్దడం మీద నక్షత్రం తీసేయండి, పళ్ల మీద ఉంచండి. ఒక్క పనే. రోజూ బదులు రెండు రోజులకి ఒకటి, తర్వాత వారానికి. పని జరిగే వేళని ఇంకో స్థిరమైన పనికి ముడిపెట్టండి, స్నానం అయిన వెంటనే అలాంటిది, ఎందుకంటే చివరికి అలవాటుని పట్టి ఉంచేది ఆ ముడే. "ఏమిస్తావ్?" అని అడిగితే కోప్పడకండి, నేర్పిన ప్రశ్నే అడిగాడు. "దీనికి ఏమీ ఉండదు నాన్నా, ఇది మనింటి పని" అని మామూలుగా చెప్పి మీరూ పక్కన చేయి వేయండి. ఇంకో దారి, డేవిడ్ ప్రీమాక్ 1959లో సూత్రంగా చెప్పింది, అంతకుముందే అమ్మమ్మలందరికీ తెలిసింది: ఇష్టమైన పని ఇష్టంలేని పని వెనక రావాలి. బ్యాగు సర్దాక ఆట. ఇది లంచం కాదు, వరుస. అరుపు ఆపడానికి అప్పటికప్పుడు ఇచ్చేది లంచం, ముందే తెలిసిన క్రమంలో వచ్చేది వరుస.

మెచ్చుకోలు గురించి ఒక్క మాట. "ఎంత తెలివైనవాడివో" అనే బదులు వాడు చేసిన పనిని చెప్పండి: "రెండుసార్లు తప్పొచ్చినా మళ్లీ వేశావే." 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ చేసిన ప్రయోగాల్లో తెలివిని మెచ్చుకున్న పిల్లలు తర్వాత సులువైన లెక్కలు ఎంచుకోవడానికే మొగ్గారు, తప్పొస్తే తెలివైనవాడనే బిరుదు పోతుందని. అయితే దీని మీద ఇప్పుడు బయట జరుగుతున్న హడావుడికి తగ్గ ఫలితాలు తర్వాతి పరిశోధనల్లో రాలేదు, ప్రభావం చిన్నదే. మెచ్చుకోలు మాటల్ని తూకం వేసుకుంటూ కూర్చోకండి.

మీ కోపం గురించి మీరు ప్రశ్న చివర సిగ్గుపడుతూ రాశారు. సిగ్గుపడాల్సిందేం లేదు. "కావాలనే చేస్తాడు, నన్ను ఏడిపించడానికే" అని రాశారు కదా, ఆ వాక్యం దగ్గర ఆగండి. మనం ఆలస్యంగా వస్తే దారిలో అడ్డంకులు, ఎదుటివాళ్లు ఆలస్యంగా వస్తే వాళ్లకి బాధ్యత లేదు. మనిషి బుర్రకున్న ఈ వాలుకి 1977లో లీ రాస్ మూల ఆరోపణ దోషమని పేరు పెట్టాడు. ఆరేళ్ల పిల్లాడి విషయంలో అది ఇంకా ఎక్కువ తప్పు. కోరికని ఆపుకునే మెదడు భాగం ఎదగడం ఇరవైల మధ్య దాకా సాగుతూనే ఉంటుంది. ఆకలితో, అలసటతో ఉన్న సాయంత్రం ఐదున్నరకి వాడు పన్నే కుట్రలకి అంత సత్తా లేదు.

"ఇకమీద అరవను" అనే తీర్మానం పనిచేయదు, ఎందుకంటే అందులో ఎప్పుడు అన్నది లేదు. పీటర్ గొల్‌విట్జర్ దశాబ్దాలుగా పరిశోధించిన పద్ధతి ఒకటుంది: "ఫలానాది జరిగితే, ఫలానాది చేస్తాను" అని ముందే కట్టిపెట్టుకోవడం. ఒకావిడ రాసుకున్నది: "వాడు ఫోన్ నేలకేసి కొట్టబోతే, ముందు నేను రెండు చేతులూ బల్ల మీద ఆనిస్తాను." చేతులు బల్ల మీద ఉంటే దెబ్బ వేయలేం కదా. నవ్వొచ్చేంత చిన్న పని, అందుకే గుర్తుంటుంది. అయినా కొన్నిసార్లు అరుస్తారు. అరిచాక వెళ్లి "ఇందాక నేను అరిచాను, అది తప్పు, ఫోన్ మాత్రం రేపే" అని చెప్పండి. రెండు ముక్కలూ ఒకే వాక్యంలో. చాలామంది క్షమాపణతో పాటు ఫోన్ కూడా ఇచ్చేస్తారు, అపరాధ భావం కొద్దీ. మూడో గడి మళ్లీ పాడవుతుంది.

పెద్దవాళ్ల మీద వాడొచ్చా అన్నారు. వాడుతూనే ఉన్నారు. మీవారు ఎప్పుడూ చేయని పని, బట్టలు మడతపెట్టడమే అనుకోండి, ఒకరోజు చేశారు. "అబ్బో, ఈరోజు సూర్యుడు పడమట పొడిచాడే" అన్నారా? చమత్కారమే, కానీ మూడో గడిలో పడింది చురక. ఇంకెప్పుడైనా చేయాలనిపిస్తుందా? "ఇలా కాదు మడత" అని మళ్లీ విప్పి వేయడం అంతకంటే ఘోరం. జంటలతో మాట్లాడేటప్పుడు నాకు తరచుగా కనిపించేది ఇదే, కోరుకున్న పని జరిగిన క్షణంలోనే దానికి శిక్ష పడటం. "బావుంది, ఆ పని నాకు తప్పింది" అంటే చాలు. అయితే ఎదుటి మనిషికి తెలియకుండా లెక్కగట్టి మెచ్చుకోవడం మొదలుపెడితే ఎవరైనా పసిగడతారు. "వద్దు" అన్న పనే చేయాలనిపించే గుణం, స్వేచ్ఛ పోతోందనిపిస్తే ఎదురుతిరిగే గుణం, మనుషులందరిలో ఉంది. 1966లోనే జాక్ బ్రెమ్ దాని మీద సిద్ధాంతం రాశాడు. టీనేజి పిల్లల ఇళ్లలో సిద్ధాంతం అక్కర్లేదు, తలుపు చప్పుడు వింటే తెలుస్తుంది. వాళ్లతో "ఇప్పుడే చెయ్" కంటే "భోజనానికి ముందా, తర్వాతా?" అన్నది మెరుగ్గా నడుస్తుంది, రెండూ మీకు నిజంగా సమ్మతమైతేనే.

ఒక జాగ్రత్త. వాడు తనని తాను కొట్టుకుంటున్నా, మాటలు వెనక్కి పోతున్నట్టున్నా, నిద్ర, తిండి వారాల తరబడి చెదిరినా, బడిలోనూ ఇంట్లోనూ ఒకేలా అదుపు తప్పుతున్నా, లేదా మీ కోపం చేయి చేసుకునే దాకా తరచుగా వెళ్తున్నా ఈ కాగితాలతో కూర్చోకండి. పిల్లల డాక్టరుకో సైకాలజిస్టుకో ఎదురుగా చూపించండి. మీరు రాసినదాన్ని బట్టి అలాంటి సూచనలేవీ నాకు కనిపించలేదు, కానీ నేను చూసింది మీ ఉత్తరాన్నే, మీ అబ్బాయిని కాదు.

ఈ వారానికి ఫోన్ నియమం మార్చకండి, చార్టు ముట్టుకోకండి. మూడు గడుల కాగితం ఒక్కటే. రోజుకి రెండు పేచీలు రాయండి, వాడు ఊరికే ఆడుకుంటున్న సందర్భం కూడా ఒకటి రాయండి, దాని మూడో గడి ఖాళీగా వదలకుండా. వారం అయ్యాక ఇక్కడే పెట్టండి, అరుపు ఎన్నో నిమిషంలో ఎవరు లొంగుతున్నారో చూసి అక్కడినుంచి మాట్లాడుకుందాం.